కర్నూలు, కడప జిల్లాలలో దంత అత్యవసర చికిత్స

దంత అత్యవసర చికిత్స అనగా పళ్ళకు, చిగుళ్ళకు, దవడలకు హఠాత్తుగా కలిగిన నొప్పి, వాపు, రక్తస్రావం, గాయం వంటి వాటికి ఆలస్యం లేకుండా చేయవలసిన చికిత్స. రాయలసీమలోని కర్నూలు, కడప జిల్లాలలో ఈ చికిత్స ఉచితంగా గాని, తక్కువ ఖర్చుతో గాని లభించే ఆసుపత్రులు కలవు. అయితే అవి ఎక్కువగా జిల్లా కేంద్రాలలోను, పెద్ద పట్టణాలలోను ఉన్నవి. దూరం, ఒకనాటి కూలి పోవుననే వెనుకంజ, పంటి నొప్పి చిన్న విషయమనే భావన, ఈ మూడింటి వలన రోగులు ఆలస్యంగా ఆసుపత్రికి చేరుతుంటారు. పంటి వ్యాధులలో ఆలస్యమే ఖర్చును పెంచుతుంది. మొదట చిన్న పూడికతో పోయే వ్యాధి తరువాత రూట్ కెనాల్ చికిత్సకు, ఆ తరువాత పన్ను తీయించుటకు, అరుదుగా ప్రాణాపాయానికి దారి తీస్తుంది.

ఈ వ్యాసంలో కర్నూలు, కడప జిల్లాలు అనగా 2022కు పూర్వపు ఉమ్మడి జిల్లాలని గ్రహించవలెను. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా, కడప జిల్లాలోని కొంత భాగంతో అన్నమయ్య జిల్లా ఏర్పడినవి.

అత్యవసర స్థితులు

పంటికి సంబంధించిన ప్రతి బాధా అత్యవసరం కాదు. వైద్యులు వీటిని స్థూలంగా మూడు తరగతులుగా చూస్తారు.

* ప్రాణాపాయం కలిగించేవి: మెడ వరకు లేదా కంటి వరకు వ్యాపించిన వాపు, శ్వాస ఆడకపోవుట, మింగలేకపోవుట, ఆగని రక్తస్రావం, దవడ ఎముకలు విరుగుట. ఇట్టి రోగిని వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.
* గంటలలో చూడవలసినవి: దెబ్బ తగిలి పూర్తిగా ఊడిన పన్ను, స్థానం తప్పి కదిలిన పన్ను, విరిగి లోపలి భాగం కనిపిస్తున్న పన్ను.
* ఒకటి రెండు రోజులలో చూడవలసినవి: నిద్ర పట్టనివ్వని పంటి నొప్పి, చిగురుపై చీముగడ్డ, జ్ఞానదంతం చుట్టూ వాపు, పన్ను తీయించిన తరువాత కలిగే తీవ్రమైన నొప్పి.

పూడిక ఊడుట, కట్టుడు పళ్ళు విరుగుట, నొప్పి లేకుండా పంటి అంచు చిట్లుట వంటివి కొద్ది రోజులు ఆగగలవు. అయినా వాటిని మరచిపోరాదు.

పంటి నొప్పి పుట్టు విధము

పంటిపై కనిపించే తెల్లని గట్టి పొరను పింగాణి అంటారు. దాని లోపల డెంటిన్, దాని లోపల రక్తనాళాలు, నాడులు గల పల్ప్ కుహరం ఉంటాయి. ఆహారంలోని చక్కెరలను నోటిలోని బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. ఈ ఆమ్లం పింగాణిని నెమ్మదిగా కరిగిస్తుంది. పింగాణిలో నాడులు లేవు గనుక ఈ దశలో నొప్పి ఉండదు. అందుచేతనే రోగికి వ్యాధి తెలియదు.

పుచ్చు డెంటిన్‌ను చేరినప్పుడు చల్లనివి, తీపి పదార్థాలు తగిలిన క్షణంలో జివ్వుమంటుంది. పల్ప్‌ను చేరినప్పుడు నొప్పి దానంతట అదే వస్తుంది, పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది, చెవికి, కణతకు పాకుతుంది. పల్ప్ పూర్తిగా చచ్చిన తరువాత నొప్పి కొన్నాళ్ళు ఆగిపోవచ్చును. రోగి దీనిని వ్యాధి నయమైనట్లు భావిస్తాడు. నిజానికి ఇది అత్యంత మోసకరమైన దశ. చచ్చిన పల్ప్‌లో పెరిగిన బాక్టీరియా వేరు కొన గుండా ఎముకలోకి దిగి చీముగడ్డగా మారుతుంది. ఆ తరువాత వచ్చేది వాపు, జ్వరం.

దవడ కింది భాగంలోని పళ్ళ నుండి చీము నాలుక కిందికి, గడ్డం కిందికి, మెడలోకి వ్యాపించినప్పుడు లుడ్విగ్ ఆంజైనా అనే వ్యాధి కలుగుతుంది. దీనిని 1836లో జర్మనీ వైద్యుడు విల్హెల్మ్ ఫ్రెడరిక్ వాన్ లుడ్విగ్ వర్ణించాడు. ఇందులో నాలుక పైకి, వెనుకకు నెట్టబడి శ్వాసమార్గం మూసుకుపోతుంది. యాంటీబయాటిక్ మందులు రాక పూర్వం ఈ వ్యాధి సోకిన వారిలో సగానికి పైగా మరణించేవారు. ఇప్పుడు సకాలంలో చేరితే చాలామంది బ్రతుకుతారు. ఈ వ్యాధికి మూలం సాధారణంగా కింది దవడలోని రెండవ లేదా మూడవ చర్వణకం, అనగా అంతకు పూర్వం పలుమార్లు నొప్పి పెట్టి ఊరుకున్న పన్ను.

ప్రాంతీయ పరిస్థితులు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆలూరు, హొళగుంద, కౌతాళం, కోసిగి, మంత్రాలయం, పత్తికొండ ప్రాంతాలు వర్షాభావానికి లోనయినవి. ఇక్కడి నుండి ప్రతి సంవత్సరం అనేక కుటుంబాలు మిరప, ప్రత్తి కోతలకు గుంటూరు ప్రాంతానికి, కర్ణాటకకు వలస వెళ్ళుతాయి. దీనిని స్థానికంగా సుగ్గికి పోవుట అంటారు. సుగ్గి కాలంలో పన్ను నొప్పి పెట్టినచో పరాయి ఊరిలో వైద్యుని వెదకుట కష్టం, కూలి మానుట అంతకంటె కష్టం. అందుచేత మందుల దుకాణంలో కొన్న మాత్రలతో నెలల తరబడి నెట్టుకొచ్చి, ఊరికి తిరిగివచ్చిన తరువాత పన్ను తీయించుకొనుట పరిపాటి. అప్పటికి పంటిని నిలుపుకొనే అవకాశం మించిపోతుంది. వలస వెళ్ళుటకు ముందే పళ్ళు చూపించుకొనుట, పుచ్చు ఉన్నచో పూడ్పించుకొనుట దీనికి సులభమైన మార్గం.

ఆదోని నుండి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు, నంద్యాల నుండి కర్నూలుకు 70 కిలోమీటర్లకు పైగా, ప్రొద్దుటూరు నుండి కడపకు సుమారు 50 కిలోమీటర్లు దూరం. నల్లమల అడవులలోని చెంచు గూడేల వారికి బస్సు ఎక్కే చోటు చేరుటయే ఒక ప్రయాణం. దంత విభాగాల బయటిరోగుల చీటీ ఉదయం పూట ఇస్తారు గనుక దూరపు గ్రామాల వారు తెల్లవారుజామున బయలుదేరవలసి ఉంటుంది. రోగితో మరియొకరు రావలసినప్పుడు రెండు కూళ్ళు పోవును. ఉచిత చికిత్స కూడా ఈ విధంగా పేదవానికి ఉచితం కాదు.

రాయలసీమలో అనేక గ్రామాల బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించరాదని, వేరే నీరు లేనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతున్నవి. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో షార్ట్ తదితర వైద్యులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఉమ్మడి ప్రకాశం జిల్లా ప్రాంతంలో గుర్తించి వెల్లడించారు. ఈ ప్రాంతం కర్నూలు, కడప జిల్లాల సరిహద్దును ఆనుకొని ఉన్నది. పళ్ళు ఏర్పడే వయస్సులో ఇట్టి నీరు త్రాగిన పిల్లల పళ్ళపై తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి. ఇది అత్యవసర స్థితి కాదు. కాని గార అనుకొని ఇటుకపొడి, బొగ్గు, ఇసుకతో తోముట వలన పింగాణి అరిగి సమస్య పెరుగుతుంది. మచ్చల మధ్య పుచ్చును గుర్తించుట కూడా కష్టమవుతుంది.

వెంటనే చేయవలసినవి

ఊడిన పన్ను

ఆటలలో, సైకిలు, మోటారుసైకిలు ప్రమాదాలలో ముందుపళ్ళు వేరుతో సహా ఊడిపోవచ్చును. శాశ్వత దంతమైనచో దానిని తిరిగి అదే గుంటలో నిలుపవచ్చును. దీనికి డబ్బు కంటె కాలం ముఖ్యం. కొద్ది నిమిషాలలో పెట్టిన పన్ను నిలిచే అవకాశం ఎక్కువ. 60 నిమిషాలు పొడిగా ఉన్న పంటి వేరుపై గల జీవకణాలు దాదాపుగా చనిపోతాయి.

* పంటిని పైభాగం వద్ద పట్టుకొనవలెను. వేరును తాకరాదు, గీకరాదు, గుడ్డతో తుడువరాదు.
* మట్టి అంటినచో పాలతో గాని, శుభ్రమైన నీటితో గాని కొద్ది క్షణాలు కడుగవలెను. సబ్బు వాడరాదు.
* రోగి స్పృహలో ఉన్నచో పంటిని గుంటలో సరైన దిశలో నిలిపి, శుభ్రమైన చేతిరుమాలును మెల్లగా కొరికి పట్టుకొనమనవలెను.
* అది వీలుకానిచో చిన్న గిన్నెలో పాలు పోసి అందులో పంటిని ఉంచవలెను. పాలు లేనిచో రోగి లాలాజలాన్నే ఒక గిన్నెలో పట్టి అందులో ఉంచవచ్చును. కాగితంలో, జేబులో పొడిగా ఉంచరాదు. నీటిలో ఎక్కువసేపు ఉంచుట కూడా మంచిది కాదు.
* వెంటనే దంతవైద్యుని వద్దకు వెళ్ళవలెను. ధనుర్వాతం టీకా అవసరమేమో అడుగవలెను.

పాలపళ్ళు ఊడినచో తిరిగి పెట్టరాదు. అట్లు చేసిన కింద పెరుగుతున్న శాశ్వత దంతానికి హాని కలుగును. పిల్లలకు సుమారు ఆరవ ఏట నుండి శాశ్వత దంతాలు వస్తాయి గనుక పాఠశాల ఉపాధ్యాయులకు ఈ విషయం తెలిసి ఉండుట అవసరం. బడిలో ఊడిన పన్ను దక్కునా లేదా అనేది తరచు వైద్యుని చేతిలో గాక, ఆ పంటిని మొదట చేతిలోకి తీసుకొన్న వారి చేతిలో ఉంటుంది.

పంటి నొప్పి

గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, పళ్ళ మధ్య ఇరుక్కొన్న ఆహారాన్ని దారంతో మెల్లగా తీయవలెను. లవంగ తైలంలోని యూజినాల్ అనే పదార్థం కొంతసేపు తిమ్మిరి కలిగిస్తుంది. దీనిని చిన్న దూదితో పుచ్చు గుంటలో మాత్రమే ఉంచవలెను, చిగురుపై పోసినచో కాలుతుంది. ఆస్పిరిన్ మాత్రను చిగురుపై అదిమిపెట్టుట వలన పుండు పడుతుంది. ఉపశమనం కలిగినా చికిత్స మానరాదు. పంటిలోని కారణం తొలగిననాడే నొప్పి తొలగినట్లు.

ఎడమ కింది దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉన్నచో అది పంటి నొప్పి కాకపోవచ్చును. గుండెపోటులో నొప్పి దవడకు పాకుతుంది. ఇట్టివారు నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళవలెను.

వాపు

చెంప వాచినప్పుడు వేడి కాపడం పెట్టుట ఈ ప్రాంతంలో తరచు కనిపించే అలవాటు. వేడి వలన చీము వ్యాపించే ప్రమాదం ఉన్నది. బయటి వైపు చల్లని గుడ్డ వేయవచ్చును. గడ్డను సూదితో పొడువరాదు. ఈ క్రింది గుర్తులలో ఒకటి కనిపించినా తెల్లవారే వరకు ఆగరాదు:

* నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరువలేకపోవుట
* మింగలేక చొంగ కారుట, మాట ముద్దగా వచ్చుట
* నాలుక కింద గట్టిగా ఉబ్బుట, గడ్డం కింద రెండు వైపులా వాపు
* కన్ను మూసుకుపోవుట
* చలితో కూడిన జ్వరం, మగత
* వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరి ఆడకపోవుట

ఇట్టి రోగిని పడుకోబెట్టక కూర్చోబెట్టి తీసుకొనిపోవలెను. 108 వాహనాన్ని పిలువవలెను. 108 అత్యవసర సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది. ప్రమాదాలకే గాక శ్వాసకు అడ్డుపడే పంటి వాపుకు కూడా ఈ వాహనాన్ని పిలువవచ్చునని చాలామందికి తెలియదు.

రక్తస్రావం

పన్ను తీయించిన తరువాత రక్తం ఆగనిచో శుభ్రమైన గుడ్డను మడిచి గుంటపై ఉంచి 20 నుండి 30 నిమిషాలు విడువకుండా గట్టిగా కొరికి పట్టుకొనవలెను. మాటిమాటికి తీసి చూచుట, ఉమ్మివేయుట, పుక్కిలించుట వలన గడ్డకట్టిన రక్తం ఊడి మరల స్రవిస్తుంది. అప్పటికీ ఆగనిచో ఆసుపత్రికి వెళ్ళవలెను. రక్తం పలుచబడు మందులు వాడేవారు ఆ విషయాన్ని పన్ను తీయించుటకు ముందే చెప్పవలెను. రెండు నుండి నాలుగు రోజుల తరువాత తీవ్రమైన నొప్పి, దుర్వాసన వచ్చినచో గుంట ఎండినట్లు భావించి తిరిగి చూపించుకొనవలెను. పొగ త్రాగువారిలో ఇది ఎక్కువ.

దవడ విరుగుట

రోడ్డు ప్రమాదం తరువాత పై కింది పళ్ళు సరిగా కలియకపోవుట, కింది పెదవి తిమ్మిరి, నోటి నుండి రక్తం దవడ విరిగినందుకు గుర్తులు. తలకు దెబ్బ తగిలినదేమో ముందుగా చూడవలెను. రోగిని ప్రక్కకు తిప్పి రక్తం గొంతులోకి పోకుండా చూస్తూ పెద్ద ఆసుపత్రికి తరలించవలెను.

చికిత్స లభించు స్థలాలు

గ్రామ, మండల స్థాయి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా దంతవైద్యుడు ఉండడు. అయినా నొప్పి తగ్గించు మందులు, ధనుర్వాతం టీకా, రక్తపోటు, చక్కెర పరీక్షలు లభిస్తాయి. వైద్యాధికారి వ్రాసిన సిఫారసు చీటీ పెద్ద ఆసుపత్రిలో ఉపయోగపడుతుంది. బడిపిల్లల విషయంలో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద జరిగే ఆరోగ్య పరీక్షలలో పళ్ళ వ్యాధులు కూడా చేర్చబడినవి. పరీక్షలో పుచ్చు ఉన్నదని చెప్పిన పిల్లవానిని నొప్పి వచ్చేవరకు ఆగక చికిత్సకు తీసుకొనివెళ్ళవలెను.

పట్టణ ఆసుపత్రులు

సామాజిక ఆరోగ్య కేంద్రాలలోను, ఏరియా, జిల్లా ఆసుపత్రులలోను దంతవైద్యుని పదవులు కలవు. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, పులివెందుల ఆసుపత్రులు ఆయా ప్రాంతాల వారికి దగ్గరలోనివి. పన్ను తీయుట, గడ్డ కోసి చీము తీయుట, సాధారణ పూడికలు ఈ స్థాయిలోనే జరుగగలవు. వైద్యుడు సెలవులో ఉండవచ్చును గనుక బయలుదేరుటకు ముందు ఆశా కార్యకర్త ద్వారా గాని, ఆసుపత్రికి ఫోను చేసి గాని తెలుసుకొనుట వలన ఒక రోజు కూలి మిగులుతుంది. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15లో కేంద్ర ప్రభుత్వంచే ప్రారంభించబడినది. జిల్లా, ఆ క్రింది స్థాయి ఆసుపత్రులలోని దంత విభాగాలను బలపరచుట దీని ఉద్దేశం.

కర్నూలు

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని ప్రజలు పెద్దాసుపత్రి అంటారు. ఇది 1950వ దశకంలో ఏర్పడిన కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధ ఆసుపత్రి. ఇక్కడ దంత విభాగంతో పాటు చెవి ముక్కు గొంతు, శస్త్రచికిత్స, మత్తు విభాగాలు ఒకే చోట ఉండుట వలన మెడ వాపు, దవడ గాయాల వంటి కఠినమైన కేసులకు ఇదే తగిన స్థలం. ప్రైవేటు రంగంలో జి.పుల్లారెడ్డి దంత కళాశాల, ఆసుపత్రి కర్నూలులో ఉన్నది. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది.

కడప

కడప నగర శివారులోని పుట్లంపల్లె వద్ద గల రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ 2006లో ఏర్పడినది. ప్రజలు దీనిని రిమ్స్ అంటారు. ఈ ప్రాంగణంలోనే ప్రభుత్వ దంత కళాశాల, ఆసుపత్రి ఉన్నవి. విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నవి. కడపలో దంత కళాశాల ఏర్పడుటకు పూర్వం రాయలసీమ వాసులు ప్రభుత్వ దంత కళాశాలలో చికిత్స కోరినచో హైదరాబాదు గాని, విజయవాడ గాని వెళ్ళవలసి వచ్చేది. దంత కళాశాల ఆసుపత్రిలో శస్త్రచికిత్స, రూట్ కెనాల్, చిగుళ్ళు, పిల్లల పళ్ళు, కట్టుడు పళ్ళు మొదలైన వాటికి వేర్వేరు విభాగాలు ఉంటాయి. పంటిని తీయుటయే గాక నిలుపుట కూడా ఇక్కడ సాధ్యం. చిన్న ఆసుపత్రికీ, కళాశాల ఆసుపత్రికీ గల ముఖ్య భేదం ఇదే.

సరిహద్దు ప్రాంతాలు

ఆలూరు, హొళగుంద ప్రాంతాల వారికి కర్నూలు కంటె కర్ణాటకలోని బళ్ళారి దగ్గర. అక్కడ ప్రభుత్వ దంత కళాశాల కలదు. మంత్రాలయం ప్రాంతం వారు రాయచూరు వెళ్ళుతుంటారు. పొరుగు రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ పథకపు కార్డు చెల్లుతుందో లేదో ముందుగా అడిగి తెలుసుకొనవలెను.

రాత్రివేళ

దంత విభాగాలు పగటివేళ మాత్రమే పనిచేస్తాయి. సర్వజన ఆసుపత్రుల అత్యవసర విభాగాలు రాత్రింబగళ్ళు తెరిచి ఉంటాయి. ప్రాణాపాయ లక్షణాలు ఉన్నవారు నేరుగా అక్కడికే పోవలెను. నొప్పి మాత్రమే ఉన్నవారు రాత్రి మాత్రతో ఓర్చుకొని ఉదయాన్నే దంత విభాగానికి వెళ్ళుట మేలు.

వ్యయం

ప్రభుత్వ ఆసుపత్రులలో పన్ను తీయించుట, గడ్డ కోయించుట వంటివి ఉచితం. ప్రైవేటు దంత కళాశాలలలో విద్యార్థులు ఆచార్యుల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు గనుక బయటి క్లినిక్కుల కంటె రుసుము తక్కువ. అయితే సమయం ఎక్కువ పడుతుంది, రెండు మూడు సార్లు రావలసి ఉంటుంది. దూరపు వారు ఒకేసారి ఎక్కువ పని జరిగేలా చూడమని మొదటనే కోరవచ్చును.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం ప్రస్తుతం డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అనే పేరుతో ఉన్నది. ముఖపు ఎముకలు విరుగుట, నోటి క్యాన్సర్ వంటి ఆసుపత్రిలో చేరి చేయించుకొనవలసిన చికిత్సలు ఇట్టి పథకం పరిధిలోనివి. పన్ను తీయించుట, పూడ్పించుట వంటి సాధారణ బయటిరోగి చికిత్సలను ఈ పథకం ఉద్దేశించలేదు. ఈ భేదం తెలియక ప్రైవేటు క్లినిక్కుకు కార్డు తీసుకొనివెళ్ళి నిరాశ చెందేవారు కలరు. ఆసుపత్రిలో పథకపు సహాయకేంద్రం వద్ద ఉండే ఉద్యోగిని అడిగి తెలుసుకొనవలెను.

ప్రైవేటు క్లినిక్కులో చికిత్స మొదలు పెట్టుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు నాలుగు: పంటిని నిలుపవచ్చునా, తీయవలసినదేనా? మొత్తం ఖర్చు ఎంత, ఎన్నిసార్లు రావలెను? తొడుగు ఖర్చు అందులో కలిసి ఉన్నదా? ఈరోజు నొప్పి తగ్గించి మిగిలినది తరువాత చేయించుకొనవచ్చునా? చివరి ప్రశ్న చాలా ముఖ్యం. పల్ప్ కుహరాన్ని తెరిచి శుభ్రపరచి తాత్కాలికంగా మూసినచో నొప్పి ఆనాడే తగ్గుతుంది. మిగిలిన పనిని ప్రభుత్వ దంత కళాశాలలో పూర్తి చేయించుకొనవచ్చును. అయితే తాత్కాలిక పూడికతో నెలల తరబడి ఉండరాదు.

మందుల వాడుక

యాంటీబయాటిక్ మందులు పంటి నొప్పికి మందులు కావు. పల్ప్ వాపు వలన కలిగే నొప్పిని అవి తగ్గించలేవు. జ్వరం, వ్యాపిస్తున్న వాపు ఉన్నప్పుడు వైద్యుడు వాటిని వ్రాస్తాడు. అప్పుడు కూడా చీమును తీయుట, కారణమైన పంటికి చికిత్స చేయుట తప్పదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న రెండు రోజుల మాత్రలు బాక్టీరియాను చంపక మొండిగా మారుస్తాయి.

నొప్పికి పారాసిటమాల్ మొదటి మందు. పెద్దవారు 500 మిల్లీగ్రాముల మాత్రలు ఒకటి లేదా రెండు, ఆరు గంటలకొకసారి వేసుకొనవచ్చును. ఒక రోజులో ఎనిమిది మాత్రలు మించరాదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యం ఎక్కువగా త్రాగువారు వైద్యుని అడుగవలెను. ఐబుప్రొఫెన్ పంటి నొప్పికి బాగా పనిచేస్తుంది, కాని కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా వాడరాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. 12 సంవత్సరాల లోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2011లో నిషేధించినది. జన ఔషధి దుకాణాలలో ఇవే మందులు తక్కువ ధరకు దొరుకుతాయి.

నాటు పద్ధతులు, అపోహలు

పంటిలో పురుగు ఉంటుందనే నమ్మకం పల్లెలలో చాలా పాతది. నేలములక గింజలను నిప్పుపై వేసి ఆ పొగను నోటికి పట్టించి పురుగులు రాలినవని చూపుతారు. రాలినట్లు కనిపించేవి గింజలలోని భాగాలే. పొగ వలన కొంత తిమ్మిరి కలిగినా పుచ్చు అలాగే ఉంటుంది.

పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందనేది మరియొక అపోహ. పంటి నాడికి, చూపునిచ్చే నాడికి సంబంధం లేదు. దీనికి విరుద్ధంగా, పై పంటి చీమును నిర్లక్ష్యం చేయుట వలననే అరుదుగా కంటి చుట్టూ వాపు వచ్చి చూపుకు ముప్పు కలుగుతుంది. గర్భిణులు పళ్ళకు చికిత్స చేయించుకొనరాదనుట కూడా సరికాదు. నాలుగవ నెల నుండి ఆరవ నెల వరకు సాధారణ చికిత్సకు అనుకూలమైన కాలం. ప్రమాదకరమైన వాపుకు ఏ నెలలోనైనా చికిత్స చేయవలసినదే.

సంతలలో, రోడ్డు ప్రక్కన పళ్ళు తీసేవారు, కట్టేవారు ఉంటారు. శుద్ధి చేయని పరికరాల వలన హెపటైటిస్ బి వంటి వ్యాధులు సోకుతాయి. వీరు ప్రక్క పళ్ళకు అతికించి కట్టిన పన్ను వలన చిగుళ్ళు కుళ్ళి, గట్టి పళ్ళు కూడా కదులుతాయి. వీరి వద్దకు వెళ్ళేవారు తెలియక కాదు, ఊరి దగ్గర, సాయంత్రం పూట, తక్కువ డబ్బుకు మరెవ్వరూ దొరకనందున వెళ్ళుతున్నారనేది గమనింపదగినది.

ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవారు

మధుమేహ రోగులలో చీము త్వరగా వ్యాపిస్తుంది. వాపు వచ్చిన నాడే చూపించుకొనవలెను, చికిత్స రోజున ఆహారం, మందులు మానరాదు. గుండె కవాటం మార్పిడి జరిగినవారు, ఎముకల వ్యాధికి లేదా క్యాన్సర్‌కు మందులు వాడేవారు పాత చీటీలను వెంట తీసుకొనివెళ్ళవలెను. గుట్కా, వక్కపొడి అలవాటు వలన కొందరికి నోరు క్రమంగా తెరుచుకొనకుండా పోతుంది. ఇట్టివారికి నొప్పి వచ్చినప్పుడు చికిత్స చేయుట కూడా కష్టమవుతుంది. మూడు వారాలకు మించి మానని నోటి పుండును క్యాన్సర్ అనుమానంతో పరీక్ష చేయించవలెను.

చట్టం

దంతవైద్యుల చట్టం 1948లో వచ్చినది. చట్టప్రకారం నమోదు కానివారు దంతవైద్యం చేయరాదు. జాతీయ దంత కమిషన్ చట్టం 2023లో ఆమోదించబడినది. ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా పోలీసు లాంఛనాలకై ఆగకుండా ప్రాణరక్షణ చికిత్స అందించవలెనని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులో తీర్పు ఇచ్చినది. డబ్బు తీసుకొని చేసే వైద్యసేవ వినియోగదారుల చట్టం పరిధిలోనిదని 1995లో మరియొక తీర్పు వచ్చినది. కావున రసీదు, ఎక్స్‌రే, మందుల చీటీ భద్రపరచుకొనవలెను.

నివారణ

పంటి అత్యవసరాలలో గాయాలు తప్ప మిగిలినవి దాదాపుగా నివారించదగినవే. రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకొనబోవు ముందు పళ్ళు తోముకొనవలెను. వేపపుల్లతో తోమువారు చిగుళ్ళు చీలకుండా మెత్తగా నమిలి వాడవలెను. బూడిద, ఇటుకపొడి, పొగాకు కలిసిన పండ్లపొడి మానవలెను. ఆరవ ఏట వచ్చే మొదటి చర్వణకాన్ని తల్లిదండ్రులు పాలపన్ను అనుకొని వదలివేస్తారు. అది జీవితకాలపు పన్ను, పుచ్చుట కూడా తరచు దానితోనే మొదలవుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న గ్రామాలలో చిన్నపిల్లలకు రక్షిత మంచినీరు ఇవ్వవలెను.

సంవత్సరానికి ఒకసారి, పొలం పనులు లేని రోజులలో, మరేదైనా పనిపై కర్నూలుకో కడపకో వెళ్ళినప్పుడు పళ్ళు చూపించుకొనవచ్చును. నొప్పి లేనినాడు చేసిన ఈ ప్రయాణం నొప్పి వచ్చిననాడు చేయవలసిన ప్రయాణాల కంటె చవుక.